పాల్ లారెన్స్ డన్‌బార్‌ను చదవడం ఎలా: కవి జీవితాన్ని, పద్యాన్ని ఎదురెదురుగా పెట్టుకొనే పద్ధతి

అమెరికన్ నల్లజాతి కవి పాల్ లారెన్స్ డన్‌బార్ కవితాసంపుటి తొలిసారి తెరిచిన తెలుగు పాఠకుడికి వెంటనే ఒక చిక్కు ఎదురవుతుంది. ఒక పేజీలో చక్కగా తీర్చిదిద్దిన ప్రామాణిక ఇంగ్లీషు పద్యం కనిపిస్తుంది. పేజీ తిప్పగానే అక్షరాలు సగం రాలిపోయి, నిఘంటువులో వెతికినా దొరకని మాటలతో, నల్లజాతి మాండలికంలో రాసిన మరో పద్యం కనిపిస్తుంది. రెండూ ఒకే మనిషి, బహుశా ఒకే ఏడాదిలో రాసినవి. వీటిలో ఏది అసలు గొంతు, ఏది అరువు గొంతు అని తేల్చుకోవాలని పాఠకుడికి అనిపిస్తుంది. ఆ తొందర వద్దని చెప్పడానికీ, దానికి బదులు ఏం చేయాలో వివరించడానికీ ఈ వ్యాసం రాస్తున్నాను. ప్రతి పద్యం దగ్గరా ఒకే ప్రశ్న వేసుకోండి: ఇది రాస్తున్నప్పుడు ఎదుట కూర్చుని వింటున్నది ఎవరు? డన్‌బార్ బతికింది ముప్పై మూడేళ్ళే. ఆ కొద్ది కాలంలో ఆయన ఎదుట శ్రోతలు చాలాసార్లు మారారు. ఆ మార్పులను పట్టుకోగలిగితే జీవితమూ కవిత్వమూ ఒకదానినొకటి వివరించుకుంటాయి.

మొదట చేయవలసిన పనులు

సమగ్ర సంపుటిని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టకండి. ముందుగా 'ద పొయెట్' అనే ఎనిమిది పాదాల పద్యాన్ని మీ చేతితో కాగితం మీద రాసుకోండి. 1903లో వచ్చిన 'లిరిక్స్ ఆఫ్ లవ్ అండ్ లాఫ్టర్' సంపుటిలో అది ఉంది. అందులో ఒక కవి బతుకును గురించి ప్రశాంతంగా, మధుర స్వరంలో పాడతాడు, నడుమ నడుమ స్వరం ఇంకాస్త లోతుకు దిగుతుంది. భూమి ఇంకా పడుచుగా ఉన్న కాలపు ప్రేమను పాడతాడు, ఆ ప్రేమే అతని పాటల్లో నివాసముంటుంది. చివరి రెండు పాదాల్లో మాత్రం, అయ్యో, లోకం తలతిప్పి మెచ్చుకున్నది విరిగిన పలుకుల్లోని ఒక గలగలను మాత్రమే, అని పద్యం ముగుస్తుంది. కవి పేరు చెప్పలేదు, జాతి పేరు చెప్పలేదు, ఎవరినీ నిందించలేదు. అయినా అప్పటికి పదేళ్ళుగా అచ్చులో ఉన్న ఒక కవి తన పాఠకుల గురించి చెప్పుకున్న మాట ఇది. దీన్ని ముందే రాసుకుంటే మిగతా చదువుకు దారి కనిపిస్తుంది.

తరువాత ఒక నోటు పుస్తకం తీసుకుని, ఎడమ పేజీలో ఆయన జీవితంలోని తేదీలు, కుడి పేజీలో ఆ ఏడాది వచ్చిన పద్యాలు రాస్తూ వెళ్ళండి. పద్యాలకు ఆయన తన కాలంలో ప్రచురించిన సంపుటాల క్రమాన్నే పాటించండి. 1893 తేదీతో 'ఓక్ అండ్ ఐవీ', 1895లో 'మేజర్స్ అండ్ మైనర్స్', 1896లో 'లిరిక్స్ ఆఫ్ లోలీ లైఫ్', 1899లో 'లిరిక్స్ ఆఫ్ ద హార్త్‌సైడ్', 1903లో పైన చెప్పిన సంపుటి, 1905లో 'లిరిక్స్ ఆఫ్ సన్‌షైన్ అండ్ షాడో' వచ్చాయి. వీటికి కాపీరైట్ గడువు ఎప్పుడో తీరిపోయింది కాబట్టి ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ వంటి వెబ్‌సైట్లలో డబ్బు కట్టకుండానే దొరుకుతాయి. 1913 నాటి సమగ్ర సంపుటే మీ దగ్గర ఉంటే ఒక జాగ్రత్త తీసుకోండి. దాని ముందు విమర్శకుడు విలియం డీన్ హోవెల్స్ రాసిన పీఠిక ఉంటుంది, దానిని ఇప్పుడే చదవకండి. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

డేటన్‌లో తొలి శ్రోతలు

ఎడమ పేజీలో మొదటి వరుస: 1872 జూన్ 27, ఒహాయో రాష్ట్రంలోని డేటన్ పట్టణం. తల్లి మటిల్డా, తండ్రి జాషువా ఇద్దరూ కెంటకీలో బానిసలుగా బతికినవారు. జాషువా బానిసత్వం నుంచి తప్పించుకుని, అంతర్యుద్ధంలో మసాచుసెట్స్ నల్లజాతి దళాలలో చేరి యుద్ధం చేశాడు. మటిల్డా ఇతరుల బట్టలు ఉతికి ఇల్లు నడిపింది. పిల్లవాడికి చదువు చెప్పాలని తానూ చదవడం నేర్చుకుంది. తాను పుట్టిన, బానిసలు పనిచేసే పెద్ద వ్యవసాయ తోటల లోకపు కథలనూ పాటలనూ కొడుకుకి అందించింది ఆమే. ఈ వరుసకు ఎదురుగా కుడి పేజీలో 'ద కలర్డ్ సోల్జర్స్' అనే పద్యం పేరు రాయండి. అది పైకి వీరగాథలా ఉంటుంది, కానీ లోపల ఒక నిలదీత ఉంది. నాడు వీరు మీకు తోటివారు, సోదరులు, మరి నేడు అంతకన్నా ఎక్కువా, తక్కువా అని కవి సూటిగా అడుగుతాడు. తుపాకీ గుండుకు అడ్డం పడడానికి పనికివచ్చినవారు పౌరులుగా పనికిరారా అన్నదే అందులోని వాదం. తండ్రి సైనికుడని తెలిసి చదివితే ఆ ప్రశ్న ఇంట్లో పుట్టిందని అర్థమవుతుంది.

డేటన్ సెంట్రల్ హైస్కూల్లో తన తరగతి మొత్తానికీ డన్‌బార్ ఒక్కడే నల్లజాతి విద్యార్థి. అయినా పాఠశాల పత్రికకు సంపాదకుడయ్యాడు, సాహిత్య సంఘానికి అధ్యక్షుడయ్యాడు. తరువాత విమానం కనిపెట్టిన ఓర్విల్ రైట్ ఆయన సహాధ్యాయి. 1890లో డన్‌బార్ 'డేటన్ టాట్లర్' అనే వారపత్రిక నడపబోయినప్పుడు దాన్ని అచ్చువేసింది రైట్ సోదరుల ముద్రణాలయమే. పత్రిక కొన్ని వారాలకే ఆగిపోయింది. 1891లో చదువు ముగించుకుని బయటికి వచ్చిన ఈ పత్రికా సంపాదకుడికి ఊళ్ళో దొరికిన ఉద్యోగం, ఒక వాణిజ్య భవనంలో లిఫ్టు నడపడం. జీతం వారానికి నాలుగు డాలర్లు.

ఇక్కడ కాసేపు ఆగి ఒక చిన్న లెక్క వేయమని కోరుతున్నాను. మొదటి సంపుటి 'ఓక్ అండ్ ఐవీ' 1892 చివరలోనే అచ్చయింది, దాని మీద వేసిన తేదీ మాత్రం 1893. దానికైన ఖర్చు 125 డాలర్లు, అంటే లిఫ్టు నడిపి సంపాదించే జీతంలో ఒక్క పైసా తినకుండా దాచినా ముప్పై ఒక్క వారాలకు పైగా పట్టే మొత్తం. ముద్రణాలయంలోని ఒక ఉద్యోగి తాను పూచీ ఉంటే గాని పని మొదలు కాలేదు. పుస్తకం చేతికి రాగానే డన్‌బార్ లిఫ్టు ఎక్కినవారికి, దిగినవారికి ప్రతి ఒక్కటి డాలరు చొప్పున అమ్మి, రెండు వారాల్లోనే అప్పు తీర్చేశాడు. ఆ ఇనుప గదిలో ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకు చేరే లోపు ఒక పద్యం రుచి చూపించి డాలరు రాబట్టాలి! ఆయన తొలి శ్రోతలు ఎవరో, వారికి ఎలాంటి పద్యం వెంటనే తలకెక్కుతుందో ఊహించుకోవడానికి ఈ లెక్క చాలు.

ఈ దశలో ఇంకో విషయం గుర్తు పెట్టుకోవాలి. డన్‌బార్ పుట్టింది బానిసత్వం రద్దయిన తరువాత, ఉత్తరాది రాష్ట్రంలో. తోటల మాండలికం ఆయన వీధిలో ఆడుకుంటూ నేర్చుకున్న భాష కాదు. తల్లి నోట విన్నది కొంత, ఆ రోజుల్లో అచ్చులో చెలామణిలో ఉన్న మాండలిక కవిత్వం నుంచి నేర్చింది కొంత. ఇండియానా పల్లె యాసలో రాసి పేరు తెచ్చుకున్న జేమ్స్ విట్‌కమ్ రైలీ ప్రభావం ఆయన మీద బాగా ఉంది. డన్‌బార్ రైలీ ధోరణిలో తెల్లరైతు యాసలోనూ రాశాడు, జర్మన్ వలసదారుల యాసలోనూ రాశాడు. కాబట్టి మాండలిక పద్యం కనబడగానే 'ఇదే ఆయన సహజ భాష' అని నోటు పుస్తకంలో రాసుకోవద్దు. అది ఆయన పనిగట్టుకుని నేర్చుకున్న విద్య, ప్రామాణిక ఇంగ్లీషులో ఛందస్సు నేర్చుకున్నట్లే.

1893లో శికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనకు డన్‌బార్ పని వెతుక్కుంటూ వెళ్ళాడు. అక్కడ హైతీ దేశపు మండపానికి బాధ్యుడిగా ఉన్న వృద్ధ నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ ఆయనను గుమాస్తాగా పెట్టుకున్నాడు. డగ్లస్ బానిసత్వం నుంచి పారిపోయి, తన వాక్కుతో ఒక దేశాన్ని కదిలించిన మనిషి. ఆయన ఈ కుర్రవాడిని అమెరికాలోని నల్లజాతి యువకులలోకెల్లా ఆశ కలిగించేవాడని మెచ్చుకున్నాడు. 1895లో డగ్లస్ మరణించాక డన్‌బార్ రాసిన స్మృతి పద్యాన్ని ఈ వరుస పక్కనే పెట్టి చదవండి. అందులో నవ్వు లేదు, యాస లేదు. తన జాతి పెద్ద ఎదుట నిలబడినప్పుడు ఆయన గొంతు ఎలా ఉంటుందో అక్కడ వినిపిస్తుంది.

1896 దగ్గర నెమ్మదించండి

నోటు పుస్తకంలో ఈ ఏడాదికి రెండు పేజీలు వదిలిపెట్టండి. ఓహాయోలోనే టొలీడో నగరంలో ఇద్దరు శ్రేయోభిలాషుల సాయంతో అచ్చయిన 'మేజర్స్ అండ్ మైనర్స్' పాశ్చాత్య సంగీతంలోని మేజర్, మైనర్ అనే రెండు స్వరశ్రేణుల పేరు పెట్టుకున్న పుస్తకం. ప్రామాణిక ఇంగ్లీషు పద్యాలు పెద్దవి, మాండలికంలోనివి చిన్నవి అని పేరులోనే కవి తన విలువల పట్టిక చెప్పేశాడు. ఆ పుస్తకం అప్పటి అమెరికన్ సాహిత్య విమర్శలో పెద్దదిక్కుగా ఉన్న విలియం డీన్ హోవెల్స్ చేతికి చేరింది. 1896 జూన్ 27న, సరిగ్గా డన్‌బార్ ఇరవై నాలుగో పుట్టిన రోజున, 'హార్పర్స్ వీక్లీ'లో హోవెల్స్ సమీక్ష వచ్చింది. ఒక్క రాత్రిలో దేశమంతటా ఆయన పేరు మారుమోగింది. అయితే హోవెల్స్ పట్టికను తలకిందులు చేశాడు. ప్రామాణిక పద్యాలు బాగున్నాయి గాని అలాంటివి ఇతరులూ రాయగలరనీ, కవి ప్రత్యేకత అంతా మాండలికంలోనే ఉందనీ తీర్పు చెప్పాడు.

ఆ సమీక్షకు పక్కన ఇంకో తేదీ రాయండి: 1896 మే 18. ప్లెసీ వర్సెస్ ఫెర్గూసన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, నల్లవారికి తెల్లవారికి వేరువేరు రైలు పెట్టెలు పెట్టడం రాజ్యాంగ సమ్మతమేనని తీర్పు ఇచ్చిన రోజు అది. రెండు తీర్పులకూ మధ్య ఆరు వారాలు కూడా లేవు. హోవెల్స్ దుర్బుద్ధితో రాయలేదు, మనస్ఫూర్తిగా మెచ్చుకునే రాశాడు. కానీ ఆ మెచ్చుకోలు కూడా ఒక ప్రత్యేక పెట్టె చూపించి 'నీ చోటు ఇది' అన్నట్లే పనిచేసింది. అదే ఏడాది న్యూయార్క్‌లోని డాడ్ మీడ్ సంస్థ 'లిరిక్స్ ఆఫ్ లోలీ లైఫ్'ను హోవెల్స్ పీఠికతో ప్రచురించింది. డబ్బూ పేరూ వచ్చాయి. మరుసటి ఏడాదికే ఒక ఉత్తరంలో డన్‌బార్, తన మాండలిక పద్యాల గురించి హోవెల్స్ చెప్పిన తీర్పు తనకు సరిదిద్దలేని కీడు చేసిందని రాసుకున్నాడు. మాండలికంలో రాస్తే తప్ప వారు నా మాట వినడం లేదు అని ఆయన తనతో వాపోయినట్లు మిత్రుడు, కవి జేమ్స్ వెల్డన్ జాన్సన్ 1922లో తన కవితా సంకలనం పీఠికలో గుర్తు చేసుకున్నాడు.

హోవెల్స్ పీఠికను చివర చదవమన్నది ఇందుకే. ముందు చదివితే ఆయన కళ్ళద్దాలు మనం పెట్టుకుంటాం. పద్యాలన్నీ చదివాక దానిని తెరిస్తే, ఒక పెద్దమనిషి ఎక్కడ సరిగా విన్నాడో, ఎక్కడ వినలేకపోయాడో మనమే తేల్చుకోగలం.

మాండలిక పద్యాన్ని చదివే పద్ధతి

వీటిని మౌనంగా చదవకూడదు. నేను మొదట కళ్ళతో చదివి, అక్షరాలు కూడబలుక్కోలేక విసిగి, పుస్తకం మూసేశాను. చాలా కాలం తరువాత గది తలుపు వేసుకుని గట్టిగా చదివాను. అప్పుడు గాని ఆ లయ అందలేదు. కొన్ని గుర్తులు పట్టుకుంటే చాలు: మనం 'ద' అని పలికే చోట ఆయన 'డ' పలికే అక్షరం రాస్తాడు, మాట చివరి 'గ'ను మింగేస్తాడు, 'గో అవే' అన్నది 'గ్‌వే' అయిపోతుంది. డన్‌బార్ స్వయంగా మంచి పఠనకర్త. ఊరూరా తిరిగి సభల్లో చదివి డబ్బు సంపాదించుకున్నాడు, 1897లో ఇంగ్లండ్ వెళ్ళి చదివాడు. ఈ పద్యాలు చెవి కోసం కట్టినవి.

'వెన్ మలిండీ సింగ్స్'తో మొదలుపెట్టండి. అందులో మాట్లాడే పనిమనిషి, దొరసాని మిస్ లూసీని ఆ సంగీతం పుస్తకం మూసి పక్కన పెట్టమంటుంది. నువ్వు ఎంత సాధన చేసినా మలిండీ పాడినట్లు పాడలేవు, అది పుట్టుకతో రావాలి అని మొహం మీదే చెబుతుంది. ఈ పద్యానికి ప్రేరణ తల్లి మటిల్డా గొంతేనని చెబుతారు. ఎవరు వింటున్నారన్న ప్రశ్న ఇక్కడ వేసి చూడండి. డబ్బిచ్చి టికెట్టు కొని సభలో కూర్చున్న తెల్లవారికి అది సరదా పాట. ఆ సరదాలో వారి ఇంటి పిల్లల సంగీత విద్య వెలవెల పోవడం, చదువురాని నల్లపిల్ల గొంతు ముందు వాద్యగాళ్ళు, పక్షులు కూడా నోరు మూసుకోవడం వారు గమనించారో లేదో.

తరువాత 'యాన్ ఆంటీ బెల్లమ్ సెర్మన్' (అంతర్యుద్ధానికి ముందటి ఒక ప్రబోధం) చదవండి. నా దృష్టిలో ఆయన మాండలిక పద్యాలన్నిటిలో ఇది గొప్పది. బానిసత్వం నాటి ఒక నల్ల బోధకుడు అడవిలో కూడిన తనవారికి బైబిలు కథ చెబుతున్నాడు. ఫరో రాజు, మోషే, ఇశ్రాయేలు ప్రజల విడుదల అతని కథావస్తువు. కథ వేడెక్కి, దేవుడు బానిసలను విడిపించి తీరతాడన్న మాట వచ్చినప్పుడల్లా ఆ బోధకుడు ఉలిక్కిపడి, నేను చెబుతున్నది పాతకాలం సంగతి సుమా, ఇవాళ్టి సంగతి కాదు అని సర్దుకుంటాడు. మన అలంకార శాస్త్రంలో దీనికి చక్కని పేరుంది: అన్యాపదేశం. ఒకరి మీద పెట్టి ఇంకొకరికి తగిలేలా చెప్పడం. వింటున్న బానిసలకు ఆ సర్దుబాటే అసలు సంకేతం, దొరకు చాడీ చెప్పే వాడెవడైనా చెట్టు చాటున ఉంటే వాడికి అది జవాబు. ఇద్దరు శ్రోతలకూ ఒకే వాక్యం రెండు వేరు వేరు అర్థాలిస్తుంది. హాస్యం కోసం ఈ పద్యాన్ని కొనుక్కున్న 1890ల పాఠకుడు మూడో శ్రోత అని గుర్తిస్తే, డన్‌బార్ తన పరిస్థితినే ఆ బోధకుడి నోట పలికించాడని అర్థమవుతుంది. పెన్సిలు తీసుకుని బోధకుడు వెనక్కి తగ్గే ప్రతి పాదం కింద గీత గీయండి. ఆ గీతలన్నీ విడుదల మాట వెనువెంటనే పడతాయి.

తెలుగులోకి అనువదించాలనుకునేవారికి ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ మాండలికాన్ని ఉత్తరాంధ్ర యాసలోకో, తెలంగాణ పలుకుబడిలోకో మార్చేస్తే సరిపోతుందని తోస్తుంది, నాకూ తోచింది. కానీ మన సినిమాలు ఎన్నో ఏళ్ళపాటు ఆ యాసలను నవ్వించడానికి, రౌడీలకు, పనివారికి అంటగట్టాయి. ఆ మరక అనువాదానికీ అంటుకుంటుంది. అంతేకాక, ఆ యాసలు ఈనాడు కోట్ల మంది ఇంటి భాష. డన్‌బార్ మాండలికం కాగితం కోసం కూర్చుకున్న భాష. ఏదో ఒక ప్రాంతానికి చెందకుండా, నోటి మాటగా, లయ చెడకుండా, వాడుక తెలుగులో చేయడం మేలని నా అభిప్రాయం. బోధకుడి పద్యానికైతే హరికథ చెప్పేవారి ధోరణి, కథ ఆపి సభతో మాట్లాడే ఆ అలవాటు, చాలా దగ్గరగా సరిపోతుంది.

మాస్కు, పంజరం

ఇప్పుడు ప్రామాణిక ఇంగ్లీషుకు రండి. 'వియ్ వేర్ ద మాస్క్' 1895 సంపుటిలోనిది. పదిహేను పాదాలు. పద్యం పేరే రెండు, మూడు చరణాల చివర మకుటంలా తిరిగి వస్తుంది. శతక పద్యాలు చదివినవారికి మకుటం ప్రతిసారీ ఒకేలా పలకదని తెలుసు. పైన చెప్పిన మాటను బట్టి దాని బరువు మారుతుంది. ఇక్కడా అంతే. ముసుగు తొడుక్కుంటాము, అది నవ్వుతుంది, అబద్ధమాడుతుంది, చెక్కిళ్ళను దాస్తుంది అని మొదలై, లోకం మా కన్నీళ్ళను ఎందుకు లెక్కపెట్టాలి అని సాగి, మూడో చరణంలో హఠాత్తుగా క్రీస్తును పిలుస్తుంది. శ్రోత మారిన ఆ పాదం పక్కన గుర్తు పెట్టండి. మనుషుల ఎదుట నవ్వు, దేవుడి ఎదుట ఏడుపు. ఈ పద్యం మొత్తంలో జాతిని సూచించే మాట ఒక్కటి కూడా లేదన్నది కూడా గమనించండి. 'మేము' ఎవరో చెప్పకపోవడం కూడా ఆ ముసుగులో భాగమే.

'సింపతీ' 1899 సంపుటిలో ఉంది. పంజరంలోని పక్షి ఏమనుకుంటుందో నాకు తెలుసు అని మొదలై, ఎందుకు రెక్కలు కొట్టుకుంటుందో తెలుసు, ఎందుకు పాడుతుందో తెలుసు అని మూడు చరణాలు సాగుతుంది. అమెరికన్ నల్లజాతి రచయిత్రి మాయా ఏంజలో 1969లో తన ఆత్మకథకు పేరు తీసుకున్నది ఈ పద్యం చివరి పాదం నుంచే. దీని పక్కన ఎడమ పేజీలో వాషింగ్టన్ రాయండి. 1897లో డన్‌బార్ అక్కడి జాతీయ గ్రంథాలయం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో సహాయకుడిగా చేరాడు, జీతం ఏడాదికి 720 డాలర్లు, లిఫ్టు జీతానికి మూడింతలకు పైన. ఏడాది గడిచాక మానేశాడు. పద్యం ఎలా పుట్టిందో ఆయన భార్య ఆలిస్ తరువాత రాసింది. బయట మండే ఎండ, లోపల పుస్తకాల అరల మధ్య ఇనుప కడ్డీల జాలీ, చేతిలో కవికి ఏ సంబంధమూ లేని వైద్య గ్రంథాలు, వాటి పొడి దుమ్ము గొంతులో గీసుకుపోతుంటే, పంజరానికి రెక్కలు కొట్టుకునే పక్షి బాధ ఆయనకు అర్థమైందని ఆమె చెబుతుంది. క్షయ ఆయన ఊపిరితిత్తులను తినేసిందని తెలిసిన మనకు ఆ దుమ్ము మాట దగ్గర చదువు ఆగిపోతుంది. అయితే పద్యాన్ని ఆ గ్రంథాలయానికి కుదించకండి. రెక్కలు కొట్టుకుని కడ్డీల మీద రక్తం మరకలు పడడం, పాత గాయాలు మళ్ళీ సలపడం వంటి మాటలకు ఒక గుమాస్తా కొలువు చాలదు, తల్లిదండ్రులు బతికిన బతుకంతా వాటి వెనుక ఉంది.

ఆలిస్ పేరు వచ్చింది కాబట్టి ఈ భాగం ఎలా చదవాలో చెప్పాలి. ఆలిస్ రూత్ మూర్ న్యూ ఆర్లియన్స్‌లో పుట్టిన రచయిత్రి. 1895లోనే ఆమె తొలి పుస్తకం వచ్చింది. పత్రికలో ఆమె ఫోటో, పద్యం చూసి డన్‌బార్ ఉత్తరం రాయడంతో పరిచయం మొదలైంది, 1898 మార్చిలో పెళ్ళయింది. దీన్ని కవుల ప్రేమకథగా అలంకరించి రాసేవారున్నారు. అలా చదవకండి. ఆయన తాగి ఆమెను హింసించాడు. 1902లో తీవ్రంగా కొట్టిన తరువాత ఆమె ఇల్లు విడిచి వెళ్ళింది, ఎన్ని ఉత్తరాలు రాసినా తిరిగి రాలేదు. ఆయన ప్రేమ గీతాలు చదివేటప్పుడు ఈ నిజం మన ఎదుట ఉండాలి. పద్యం బాగుందని ఆమె దెబ్బలను చిన్నవి చేయకూడదు, దెబ్బలున్నాయని పద్యాన్ని చదవకుండా వదిలేయనూ అక్కరలేదు. 1899లో వచ్చిన ఆలిస్ కథల సంపుటిని కూడా చదవండి. ఆమెను డన్‌బార్ భార్యగా మాత్రమే తెలుసుకోవడం ఆమెకు రెండోసారి చేసే అన్యాయం.

వచనం, రంగస్థలం గురించి క్లుప్తంగా చెబుతాను. నాలుగు నవలలు రాశాడు. మొదటి మూడింటిలో ప్రధాన పాత్రలు దాదాపు తెల్లవారే. సమయం తక్కువైతే 1902 నాటి 'ద స్పోర్ట్ ఆఫ్ ద గాడ్స్' ఒక్కటి చదవండి. దక్షిణాదిలో చేయని దొంగతనానికి జైలుపాలైన ఇంటి నౌకరు కుటుంబం న్యూయార్క్ చేరి ఎలా చెదిరిపోయిందో చెప్పే నవల అది. విల్ మారియన్ కుక్ సంగీతంతో 1898లో వచ్చిన 'క్లోరిండీ' నాటకానికి, 1903లో బ్రాడ్‌వే ఎక్కిన 'ఇన్ డహోమీ'కి పాటలు రాశాడు. నల్లజాతి విద్యాసంస్థ అయిన హాంప్టన్ ఇన్‌స్టిట్యూట్ కెమెరా క్లబ్బు తీసిన ఫోటోలతో వచ్చిన పుస్తకాలు మాత్రం తప్పక చూడండి, 1899 నాటి 'పోయెమ్స్ ఆఫ్ క్యాబిన్ అండ్ ఫీల్డ్' వాటిలో మొదటిది. పద్యం నవ్విస్తున్న చోట ఫోటోలోని ముఖం చాలాసార్లు నవ్వదు.

చివరి పేజీలు

1899లో న్యుమోనియా వచ్చింది, వెనుకనే క్షయ బయటపడింది. గాలి మార్పుకని కొలరాడో వెళ్ళాడు. ఆ రోజుల్లో వైద్యులు మందుగా ఇచ్చిన మద్యం అలవాటును ముదరబెట్టింది. 1904లో డేటన్‌లో తల్లికి ఇల్లు కొన్నాడు. ఆ ఇంట్లోనే 1906 ఫిబ్రవరి 9న మరణించాడు. తల్లి మటిల్డా ఇంకా ఇరవై ఎనిమిదేళ్ళు బతికి 1934లో కన్నుమూసింది. ఆ ఇల్లు ఈనాడు స్మారక భవనం.

నోటు పుస్తకం మూసే ముందు ఇంకొక పద్యం మిగిలింది. 1903 సంపుటిలోని 'ద హాంటెడ్ ఓక్' అనే గాథలో ఒక చెట్టు మాట్లాడుతుంది. నీ కొమ్మ ఒకటి ఎందుకు మోడువారింది అని బాటసారి అడిగితే, నేరం చేయని ఒక నల్లవాడిని రాత్రివేళ జైలు నుంచి లాక్కొచ్చి ఈ కొమ్మకు ఉరితీశారు, ఆ తాడు ఒరిపిడి, అతని బరువు ఇంకా నా మీద ఉన్నాయి అని చెట్టు చెబుతుంది. ఆ గుంపులో ఎవరెవరున్నారో కూడా చెబుతుంది. న్యాయమూర్తి నల్ల ముసుగు వేసుకున్నాడు, వైద్యుడు తెల్ల ముసుగు వేసుకున్నాడు, మతబోధకుడు పెద్ద కొడుకును వెంటబెట్టుకుని వింత వేషంలో వచ్చాడు. ఎనిమిదేళ్ళ కిందటి పద్యంలో ముసుగు బాధితుల ముఖం మీద ఉంది, ఇక్కడ అది చంపేవారి ముఖం మీదికి వచ్చింది. ఇది మాండలికంలో లేదు, ఇందులో సభను నవ్వించేది ఏమీ లేదు. వింటున్నది ఒక బాటసారి, అతనిది ఏ జాతో పద్యం చెప్పదు. నోటు పుస్తకంలో రెండు పేజీలు ఎదురెదురుగా తెరిచి, ఎడమవైపు 'వియ్ వేర్ ద మాస్క్', కుడివైపు న్యాయమూర్తి ముసుగు వేసుకున్న ఆ చరణం రాసుకుని, రెండింటినీ ఒకదాని తరువాత ఒకటి గట్టిగా చదవండి.